తాళం వేసి ఉన్న ఇళ్ళు

వానాకాలంలో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద బొగ్గుల మీద మక్కకంకులు కాలుతుంటే దారిన పోయేవాళ్ళందరికీ నోరూరుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. నిన్న సాయంత్రమూ అదే జరిగింది. చినుకుల్లో మెట్లు దిగుతుంటే పొగ ముఖానికి తగిలింది, వెనకే ఉప్పుకారం అద్దిన నిమ్మచెక్క వాసన. బండి దగ్గర ఎవరో కొత్త పిల్ల. "కంకి ఇయ్యాల్నా అక్కా?" అంది. వద్దని తలూపి వచ్చేశాను. రెండేళ్ళ క్రితం దాకా అక్కడ సత్తెమ్మ కూర్చునేది. ఆమె గురించి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా కోపం వచ్చి లేచిపోయేదాన్ని. కోపం తగ్గాక రాద్దామనుకుంటే అది తగ్గేలా లేదు. అందుకే కోపంతోనే రాస్తున్నాను.

సత్తెమ్మది పాలమూరు వైపు పల్లె. మొగుడితో తాపీ పనికి వచ్చి, మొగుడు పోయాక కూతురు లక్ష్మితో ఇక్కడే ఉండిపోయింది. సరూర్‌నగర్ చెరువు దిగువన నాలా ఒడ్డున అరవై రేకుల ఇళ్ళ బస్తీ వాళ్ళది. వానాకాలంలో కంకులు, తక్కిన రోజుల్లో ఉడకబెట్టిన పల్లికాయ అమ్మేది. ఏ పార్టీ జెండా పట్టలేదు, ఏ మీటింగులోనూ మైకు ముందు నిలబడలేదు. చదువు రాదు. అయినా ఆ బస్తీలో ఓటున్న మనిషి ఓటు వేయకుండా ఇంట్లో కూర్చుంటే ఆమె ఊరుకునేది కాదు. అలాంటి మనిషికి నేను పరిచయమైంది ఎలాగంటే, ఆ బస్తీ ఓట్లన్నీ తీసేసింది నేనే.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఎన్నికల ముందు మాకు ఇంకో పని తగిలిస్తారు. ఓటరు లిస్టు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి, పేరున్న మనిషి అక్కడ ఉన్నాడో లేడో చూసి రాయాలి. పొద్దున పిల్లలకు గుడ్లు, పాలు ఇచ్చి, రిజిస్టర్లు రాసి, పదకొండు గంటలకు నాలా బస్తీకి వెళ్ళాను. వరసగా తాళాలు. ఒక ముసలాయన అరుగు మీద పడుకుని ఉన్నాడు, చెవులు వినపడవు. తలుపు వేసి ఉంటే మూడుసార్లు రావాలని నియమం. మా సూపర్‌వైజర్ సారుకు ఫోన్ చేశాను. "మూడుసార్లు ఎవరు తిరుగుతారమ్మా, ఎస్ పెట్టెయ్" అన్నాడు. ఎస్ అంటే షిఫ్టెడ్, ఇల్లు మారి వెళ్ళిపోయారని. నేను పెట్టాను. అంతేకాదు, మూడుసార్లు వచ్చినట్టు మూడు తారీఖులు కూడా వేశాను, ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే పెన్నుతో. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అయిపోయింది. ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిని పడుకున్నాను.

రెండు వారాల తర్వాత సత్తెమ్మ మా సెంటర్‌కు వచ్చింది. చీర కొంగు నడుముకు బిగించి, చేతిలో మడతపెట్టిన కాగితాలతో గుమ్మంలో నిలబడింది. పిల్లలు అన్నం తింటున్నారు. వాళ్ళు తినేదాకా ఆగింది. తర్వాత కాగితాలు నా ముందు పరిచింది.

"నువ్వేనా టీచరమ్మా, మా బస్తీకొచ్చింది?"

"అవునండీ."

"మా పేర్ల పక్కన గీ పాము ఏంది?"

ముందు నాకు అర్థం కాలేదు. ఆమె వేలు ఎస్ అక్షరం మీద ఉంది. ఒక్కో పేజీలో పై నుంచి కింద దాకా ఎస్, ఎస్, ఎస్. ఇళ్ళకు తాళాలు ఉన్నాయండీ, వెళ్ళిపోయారనుకున్నాను అని గొణిగాను.

"పోయినోడు తాళమెందుకేస్తడమ్మా? లోపల గిన్నె చెంబు ఉంటెనే కదా తాళమేసేది. పదకొండు గొట్టంగ మేం ఇంట్ల గూసుంటే మీ ఇండ్లల్ల బోళ్ళు ఎవ్వలు తోముతరు? మీ బంగ్లాలు ఎవ్వలు గడ్తరు?"

చదువు రాని మనిషికి ఈ లిస్టు ఎలా తెలిసిందన్న అనుమానం వచ్చింది, అడిగేశాను. నేను రాసిచ్చిన లిస్టును బడి గోడకు అంటిస్తే, దాన్ని ఎవరితోనో జిరాక్సు తీయించిందట. బండి దగ్గరికి కోచింగ్ సెంటర్ల పిల్లలు వస్తారు కదా, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు. "కంకి కాలేదాంక ఒక్క పేజీ సదువు బిడ్డా" అని ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాగితం పెట్టేదట. రాజ్యాంగం బట్టీ పట్టే ఆ పిల్లలు నాలుగు రోజుల్లో లిస్టంతా చదివి పెట్టారు. ఒక పిల్ల చదువుతూ చదువుతూ కంకి తినడం మర్చిపోయి ఏడ్చిందని సత్తెమ్మే చెప్పింది. ఆ లిస్టు రాసిన నాకు మాత్రం ఆ రెండు వారాల్లో ఒక్కసారీ నిద్ర చెడలేదు.

"రేపు పొద్దుగాల ఐదున్నరకు రా. మనుషులను సూపిస్త" అని వెళ్ళిపోయింది. అప్పట్లో మేముండే వనస్థలిపురం నుంచి మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. పదకొండు గంటలకు శ్మశానంలా ఉన్న బస్తీ అప్పుడు తిరణాలలా ఉంది. పంపు దగ్గర బిందెలు, స్టవ్వుల మీద ఉప్మా, టిఫిన్ డబ్బాలు కట్టుకుంటున్న ఆడవాళ్ళు, ఎల్బీనగర్ చౌరస్తాలో కూలి అడ్డా మీదికి పరిగెత్తే తాపీ పనివాళ్ళు. సత్తెమ్మ ఒక్కొక్కరినీ ఆపి, నా ముందు నిలబెట్టి, "పేరు జెప్పు" అనేది. వాళ్ళు పేరు చెప్పేవాళ్ళు. నేను లిస్టులో వెతికి ఎస్ చూసేదాన్ని. మనిషి నా ముందు నిలబడి ఉంటే, ఆ మనిషి లేడని నా చేతిరాత చెబుతోంది. ముప్పై మంది అయ్యేసరికి తల ఎత్తలేకపోయాను. వాళ్ళెవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఉదయమే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అదే లిస్టులో పెద్ద అపార్ట్‌మెంట్లు కూడా నా వాటా కిందే వచ్చాయి. అక్కడా ఎన్నో ఫ్లాట్లకు తాళాలున్నాయి. కొందరు బెంగళూరు వెళ్ళిపోయి ఏళ్ళయింది. వాచ్‌మన్, "ఉన్నరు మేడం, ఊరికి పోయిండ్రు" అన్నాడు. నేను ఉన్నారని రాశాను. పాలిష్ చేసిన టేకు తలుపుకు తాళం ఉంటే మనిషి ఊరెళ్ళినట్టు, రేకు తలుపుకు తాళం ఉంటే మనిషే లేనట్టు! ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. సూపర్‌వైజర్ మీద పెట్టడానికీ లేదు. పెరిగిన ఇంట్లో, తిరిగిన కాలనీలో గాలితో పాటు పీల్చుకున్నాను. పోలింగ్ రోజు సెలవని మధ్యాహ్నం దాకా పడుకుని, "ఈ బస్తీల వాళ్ళ వల్లే దేశం ఇలా తగలడింది" అనే మనుషుల మధ్య పెరిగినదాన్ని. మా నాన్నగారే ఆ మాట భోజనాల దగ్గర వందసార్లు అన్నారు.

మళ్ళీ పేర్లు ఎక్కించాలంటే ఫారాలు నింపాలి, చిరునామాకు రుజువు పెట్టాలి. కిరాయికి ఉన్నవాళ్ళకు ఓనర్లు కాగితం ఇవ్వరు. కరెంటు బిల్లులు ఎవరెవరి పేర్ల మీదో ఉన్నాయి. సత్తెమ్మ దేనికీ బెదరలేదు. గ్యాస్ బుక్కు, బిడ్డ బడి కాగితం, దవాఖాన చీటీ, ఏది దొరికితే అది పట్టుకుని వచ్చేది. ఫారం నింపిన ప్రతి ఇంట్లోకీ బండిలోని బొగ్గు ముక్కతో వెళ్ళి, తలుపు లోపలి వైపున ఆ ఫారం మీది నంబరు రాయించేది. "కాయిదం తడుస్తది, ఫోన్ పోతది. తలుపు యాడికి పోదు" అనేది. ఆ రోజుల్లోనే ఆమెను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను.

ఇంత తంటా ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. ఆ నాలా ఒడ్డు జాగా మీద చుట్టుపక్కల ఉండే ఒక పెద్దమనిషి కన్నుంది. పాతకాలపు పట్టాదారుల ఇంటివాడు, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. ఓట్లు లేని బస్తీని ఖాళీ చేయించడం తేలిక. ఒక సాయంత్రం సత్తెమ్మ బండి దగ్గర కారు ఆపి, నా ముందే అన్నాడు: "సత్తెమ్మా, ఎందుకే గీ పరేషాన్? నీకు మెయిన్ రోడ్డు మీద మంచి డబ్బా దుకాణం పెట్టిస్త. గా ఫారాలు ఇడిసిపెట్టు."

ఆమె కంకి తిప్పుతూనే జవాబిచ్చింది. "నాకు డబ్బా ఇస్తవు. మిగిలిన ఇండ్లకు ఏమిస్తవు పటేలా? కంకి తింటవా?"

అతను తినలేదు.

చివరి రోజున ఫారాలు తీసుకుని ఆఫీసుకు వెళ్ళాం. ఒక్కరే అన్నీ తెస్తే తీసుకోం అన్నారు, ఎవరిది వాళ్ళే తేవాలట. ఇలాంటిదేదో అంటారని సత్తెమ్మకు ముందే తెలుసు. బస్తీ అంతా ఆ రోజు కూలి మానుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో వరసలో నిలబడ్డారు. అప్పుడు సూపర్‌వైజర్ సారు నన్ను పక్కకు పిలిచాడు. "వీళ్ళు లేరని నువ్వే రాశావు. ఇప్పుడు ఉన్నారంటే ఎలా తీసుకోవాలి? నీ రిపోర్టు తప్పని రాసి సంతకం పెట్టు, తీసుకుంటాను. తర్వాత నీ ఉద్యోగానికి నా పూచీ లేదు" అన్నాడు. ఎస్ పెట్టెయ్ అన్న నోరే అది. దాన్ని గుర్తు చేస్తే, నేనెప్పుడు అన్నానమ్మా అని నవ్వాడు.

వరండాలోకి వచ్చి సత్తెమ్మకు చెప్పాను. మా ఆయనకు సరైన పని లేదు, ఇల్లు నా జీతంతోనే గడుస్తోంది, అదీ చెప్పాను. పాపం బిడ్డా, వద్దులే అంటుందని లోపల ఆశ ఉంది. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే చెప్పాను.

ఆమె అనలేదు. నా ముఖంలోకి చూసి నెమ్మదిగా అంది: "నౌకరి పోతే మస్తు కష్టమే. నేను కాదంటలేను. గని నౌకరి ఇంకోటి దొర్కుతది టీచరమ్మా. మా పేర్లు పోతె బస్తీ పోతది. రాసింది నువ్వు. కొట్టేసేది గూడ నువ్వే."

నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. నా కష్టం ఈమెకు పట్టదా అనిపించింది. ఆ కోపంలోనే లోపలికి వెళ్ళి రాశాను: నేను ఒక్కసారే వెళ్ళాను, మూడు తారీఖులూ నేనే వేశాను, ఈ మనుషులు ఉన్నారు. సంతకం పెట్టి బయటికి వస్తే, ఆమె వరసలో వెనక్కి పోయిన ఒక బాలింతను ముందుకు తెస్తోంది. నాకు కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

నాకు మెమో వచ్చింది, తర్వాత పెద్ద అంబర్‌పేట్ అవతల సెంటర్‌కు వేశారు. పేర్లు మాత్రం లిస్టులోకి తిరిగొచ్చాయి. పోలింగ్ రోజు ఆ బస్తీ తెల్లవారుజామునే వరసలో నిలబడింది, ఓటు వేసి పనుల్లోకి వెళ్ళింది. మరుసటి ఏడు నాలా ఒడ్డుకు యంత్రాలు వచ్చాయి. అవతలి ఒడ్డున ఇంకో బస్తీ ఉండేది, ఇలాంటి రేకుల ఇళ్ళే. అక్కడ లిస్టులో పేర్లు చాలా కొద్ది. రెండు రోజుల్లో దాన్ని నేలమట్టం చేశారు. సత్తెమ్మ బస్తీ ముందు మాత్రం యంత్రం ఆగి, తిరిగి వెళ్ళిపోయింది. నేను సంబరపడి బస్సెక్కి వెళ్ళాను, గెలిచాం కదా పెద్దమ్మా అన్నాను. అవతలి ఒడ్డున రేకులు ఏరుకుంటున్న మనుషులను చూపించింది. "మా ఓట్లను జూసి ఆగిండ్రు. మమ్ముల జూసి కాదు. గాళ్ళు మనుషులు కారా?" అంది. నేను అవతలి ఒడ్డును అప్పుడే సరిగ్గా చూశాను.

సత్తెమ్మ రెండేళ్ళ క్రితం విషజ్వరంతో దవాఖానలో పోయింది. నెల తర్వాత లక్ష్మి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అమ్మ పేరు లిస్టుల కెల్లి తీపియ్యాలె అక్కా. నేను సచ్చినంక నా పేరు మీద దొంగ ఓటు పడొద్దని మరీ మరీ చెప్పింది" అంది. ఆమెను తీసుకుని అదే ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా మరణ ధ్రువపత్రం అడిగాడు, ఇచ్చాం. ఆధార్ అడిగాడు, ఇచ్చాం. ఇంటి దగ్గర విచారణ జరగాలి, వచ్చే వారం రండి అన్నాడు. "ఉంటే ఉండనివ్వండి మేడం, పేరేగా, ఎవరికి నష్టం?" అన్నాడు.

నేను జన్మలో ఆఫీసులో గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. బతికున్న మనుషులను అరవై ఇళ్ళలో తీసేయడానికి ఒక్క అక్షరం సరిపోయింది కదా, అప్పుడు ఏ విచారణ జరిపారు, ఆ అక్షరం రాసిన దొంగను నేనే, చచ్చిన మనిషిని తీసేయడానికి ఇన్ని కాగితాలు కావాలా అని అరిచాను. అందరూ చూశారు. పిచ్చిదనుకుని ఉంటారు. పని అయ్యేదాకా కదలనని అక్కడే కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి విచారణ మనిషి మాతో బస్తీకి వచ్చాడు, ఇల్లు చూశాడు, సంతకం చేశాడు. లక్ష్మి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

అవతలి ఒడ్డు వాళ్ళను మా పెద్ద అంబర్‌పేట్ అవతలే దింపారు, నీళ్ళు రాని బ్లాకుల్లో. పాత చోట ఉన్న ఆ కొద్ది పేర్లూ తీసేశారు, కొత్త చోట ఎక్కించలేదు. ఇప్పుడు వాళ్ళు ఏ లిస్టులోనూ లేరు. ఊళ్ళోకి పనికి పోవడానికి రెండు బస్సులు మారాలి కాబట్టి ఐదింటికే తలుపులకు తాళాలు పడతాయి. ఈ వారమంతా నేను ఖాళీ ఫారాలు పట్టుకుని నాలుగున్నరకే అక్కడుంటున్నాను. నిన్నటికి పదిహేడు ఇళ్ళయ్యాయి.