పత్తి కుప్ప ముందు పెద్దమ్మ ఫోటో

ఇవాళ పొద్దున హైదరాబాద్ ల్యాబ్ నుంచి నా మొదటి కలర్ ఫిల్మ్ రీలు ఫోటోలు ఫోన్‌కు వచ్చాయి. అందులో ఆరు రేగొండలో ఉండే మా పెద్దమ్మవి. ఆధార్ కార్డు మీద తప్ప ఆమెకు ఎక్కడా ఫోటో లేదు. అందుకే నేను ఫోటో తీసిన రోజు కొత్త చీర కట్టుకుని, ముందు గదిలో ఏరి పోసిన పత్తి కుప్ప ముందు కదలకుండా కూర్చుంది. కెమెరాలోని వెలుతురు కొలిచే మీటర్ ఆ తెల్లదనమంతా చూసి వెలుతురు ఎక్కువైందంది. నేను నమ్మి తగ్గించాను. ఆరింటిలోనూ పత్తి పింజ పింజగా కనిపిస్తోంది. పెద్దమ్మ ముఖం మాత్రం బురద రంగు మచ్చ.

ల్యాబ్ అతనికి ఫోన్ చేసి ఏమైనా చేయగలడా అని అడిగాను. "నెగెటివ్‌లనే లేని మొకం నేనెక్కడికెళ్లి తేవాలె అన్నా?" అన్నాడు.

సాయంత్రం రేగొండ పోయి చూపించాను. పెద్దమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఫోటోల పత్తి మంచిగ వడ్డది బిడ్డా," అంది. "నేనే వడలే."

కెమెరాను ముఖం దగ్గరికి తీసుకెళ్లి మీటర్ చూడాలట, ఇప్పుడు చదువుతున్నాను. ఇంకో రీలు ఉంది. మళ్లీ ఆ చీర కట్టుకోమని అడగడానికే నోరు రావడం లేదు. మీరైతే అడుగుతారా?