రెండు చక్రాలూ ఒకేలా పట్టాలి

లదాఖ్‌లో ట్రక్కు దిగిన ఉదయం ఎండ కళ్లలో గుచ్చుకుంది. గాలి చెవులు కోసింది. రాజమండ్రిలో రైలెక్కినప్పుడు చొక్కా వీపుకు అంటుకుని ఉంది. ఇక్కడ మందపు కోటు, ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు. బ్యాగు భుజాన వేసుకుని బ్యారక్ దాకా నడిచేలోపే ఆయాసం వచ్చి ఒక బండ మీద కూర్చుండిపోయాను. చుట్టూ ఒక్క చెట్టు లేదు. గోధుమరంగు కొండలు, వాటి నెత్తిన మంచు.

నేను ఆర్మీలో డ్రైవర్ని. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేదాకా విశ్రాంతి తీసుకోమని ఆర్డరు. ఆ తర్వాత ఒక పాత జీపు అప్పగించారు. కొండపై పోస్టుకు సరుకులు చేర్చాలి. మనుషుల్ని కిందికి దించాలి. అదీ డ్యూటీ.

జీపును చూసుకునేది మెకానిక్ హవల్దార్. గఢ్వాల్ మనిషి. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన మాట్లాడేది హిందీ. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"బండి నడపడం వచ్చా?" అని అడిగాడు.

"వచ్చు ఉస్తాద్."

"ఆపడం?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే నాచేత వెనక చక్రాలు విప్పించాడు. చక్రం లోపల డ్రమ్ము ఉంటుంది, బోర్లించిన ఇనప గిన్నెలా. అందులో వంపు తిరిగిన బద్దల్లా రెండు బ్రేకు షూలు. పెడల్ తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయి. అరిగేకొద్దీ వాటికీ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు ఒక చిన్న పళ్ల చక్రాన్ని తిప్పి షూలను దగ్గరికి జరపాలి. ఎక్కువ తిప్పితే రాసుకుని వేడెక్కుతుంది. తక్కువ తిప్పితే పట్టదు.

"రెండు వైపులా ఒకేలా పట్టాలి," అన్నాడు. "ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా పట్టిందనుకో, బండి ఇక నీ మాట వినదు."

గ్లవ్స్‌తో ఆ పని కుదరలేదు. తీసేస్తే వేళ్లు ఇనుముకు అతుక్కుపోయాయి. ఆయన తన టీ మగ్గు నా చేతుల్లో పెట్టి, వేళ్లలోకి ప్రాణం వచ్చేదాకా ఆగాడు. తర్వాత మళ్లీ మొదటి నుంచి చేయించాడు.

చలికాలం మొదలవుతుండగా ఒక రోజు పై పోస్టులో సరుకులు దించుతున్నాను. నర్సింగ్ అసిస్టెంట్ పరుగున వచ్చాడు. వంట జవానుకు ఊపిరి అందడం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానం. వెంటనే కిందికి దించాలి. వైర్‌లెస్‌లో కింది నుంచి ఆపరేటర్ గొంతు వినిపించింది: "దారిలో మంచు పడుతోంది. జాగ్రత్త. ఓవర్."

రోగిని వెనక పడుకోబెట్టాం. అసిస్టెంట్ అతని ముఖానికి ఆక్సిజన్ మాస్కు పట్టుకున్నాడు. తక్కువ గేరులో దిగుతున్నాను. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా దారి మీద రాళ్లు. అప్పుడే జారిపడ్డాయి. కుడి పక్కన లోయ. బ్రేకు తొక్కాను. కంకర జారింది. జీపు అటూ ఇటూ తిరగకుండా తిన్నగా ఆగిపోయింది.

వెనక నుంచి వంట జవాను సన్నగా అడిగాడు. "పడిపోయామా?"

"లేదు. ఆగాం."

రాళ్లు పక్కకు తోసి, కిందికి చేర్చాం. అతను బతికాడు. కోలుకుని వచ్చిన రోజు ఉస్తాద్‌కు వేడి పరాఠాలు చేసి తెచ్చాడు.

"నాకెందుకు?" అన్నాడు ఉస్తాద్.

"మీరు తినండి, అంతే," అన్నాడతను. కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు నేను కొవ్వూరులో ఉంటున్నాను. నా భార్య సువర్ణ టీచరు. మా పాత చిన్న కారులో కాలువ గట్టు మీదుగా బడికి వెళ్లొస్తుంది. మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టింది.

"బ్రేకేస్తే బండి కాలువ వైపు లాగేసిందండీ. గేదె అడ్డమొచ్చింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. ప్రభువే కాపాడాడు."

"దెబ్బేమైనా తగిలిందా?"

"లేదండీ. భయమేసిందంతే."

మర్నాడు కారు తియ్యనివ్వలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే వాకిట్లో పని మొదలుపెట్టాను. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాను. జాకీతో వెనక భాగం లేపి, కింద స్టాండ్లు నిలిపాను. గేరు న్యూట్రల్. హ్యాండ్‌బ్రేకు వదిలేశాను. డ్రమ్ములు తీసి చూశాను. లోపల బ్రేకు ఆయిల్ కారిన తడి లేదు. షూల మీద అరిగే పొర, లైనింగు, ఇంకా ఉంది. కుడి పక్క మాత్రం షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం బాగా పెరిగింది. ఎడమ పక్క ఒక్కటే గట్టిగా పట్టుకుంటోంది. అందుకే ఆ వైపు లాగింది.

డ్రమ్ములు మళ్లీ బిగించాక సువర్ణ సీట్లో కూర్చుంది.

"తొక్కు."

"తొక్కానండీ."

"వదులు."

కుడి పక్క పళ్ల చక్రం కొద్దిగా తిప్పి, డ్రమ్మును చేత్తో తిప్పి చూశాను. ఇంకొద్దిగా. సన్నగా గరగరమంది. కాస్త వెనక్కి వదిలాను. తేలిగ్గా తిరిగింది.

సువర్ణ దిగొచ్చి చీర కొంగు నడుముకు దోపుకుంది. "రెండోది నన్ను చెయ్యనివ్వండి. రోజూ నడిపేది నేనే కదా."

స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చాను. ఎంతవరకు తిప్పాలో చెప్పాను. ఆమె తొందరపడలేదు. రాసుకునే చోటు దొరికాక నావైపు చూసింది. నేను తలూపాను. వెనక్కి వదిలింది.

సాయంత్రం నేను ముందు నెమ్మదిగా నడిపి చూశాను. తర్వాత ఆమె నడిపింది. ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకేసింది. కారు తిన్నగా ఆగింది. ఏటిగట్టు ఎక్కే వాలులో హ్యాండ్‌బ్రేకు వేసింది. కదల్లేదు. ఎదురుగా గోదావరి, వంతెన మీద రైలు.

"మీ ఉస్తాద్ గారికి నేను థాంక్స్ చెప్పానని చెప్పండి," అంది.

ఆయన ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆ మాట ఎవరికి చేర్చను? నేను డ్యూటీ ముగించుకుని ఇంటికి బయల్దేరిన ఉదయం అందరూ గేటు దగ్గర నిలబడి చేతులూపారు. ఉస్తాద్ ఊపలేదు. మా ట్రక్కు కదలగానే దాని పక్కనే నడుస్తూ వచ్చాడు. నడుము వంచి, టోపీ చెవి మీద నుంచి పైకి తోసి, వెనక చక్రం చప్పుడు వింటూ. ట్రక్కు వేగం అందుకునేదాకా అలాగే, ఆ దుమ్ములో ఒంగి నడుస్తూ.