మా మేనరికానికి ముందు రక్తపరీక్ష

మా కూతురి కొడుకు సన్నగా ఉంటాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పని. కిందటేడు ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేస్తే వీడికి కొలెస్ట్రాల్ బాగా ఎక్కువని వచ్చింది. హోటల్ బిర్యానీల వల్లనే అని వాళ్లమ్మ తిట్టింది. నెయ్యి మాన్పించింది, గుడ్డులో పచ్చసొన తీయించింది. కొన్ని నెలలు పోయాక మళ్లీ చూస్తే పెద్దగా తగ్గలేదు. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకురమ్మన్నారు డాక్టరుగారు. వాళ్లమ్మ చల్లపల్లిలో ఉంటుంది కాబట్టి నేను వెళ్లాను.

యాభై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకుని తెలుగు నేర్చుకున్నదాన్ని. ఇంగ్లీషు రిపోర్టు నాకు చదవడం రాదు. అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"రక్తంలో చేరిన కొవ్వుని లివర్ లాక్కోవాలమ్మా. మీ వాడికి పుట్టుకతోనే ఆ పని సరిగ్గా జరగట్లేదు. ఇది తిండితో వచ్చింది కాదు, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్లున్నారా?"

మా తమ్ముడు నలభై నిండకుండా చేలో నీళ్లు కడుతూ పడిపోయాడు. మా ఆయన యాభై చూడలేదు. మా ఆయన నాకు సొంత మేనమామే. ఇద్దరూ సన్నగానే ఉండేవాళ్లు. ఆ మాటే చెప్పాను.

డాక్టరుగారు మనవడి కాలు తిప్పి మడమ వెనక నొక్కి చూశారు. మా ఇంటి మగవాళ్లకి అక్కడి నరం లావుగా ఉంటుంది. గట్ల మీద తిరిగిన కాళ్లని మేం అనుకునేవాళ్లం. వీడు పొలం గట్టెక్కిందే లేదు, అయినా వీడికీ ఆ నరం కనిపిస్తే అచ్చం తాత పోలికని మురిసిపోయాను. అక్కడ పేరుకున్నది కొవ్వేనట.

"పెళ్లి చెయ్యొచ్చా అండీ?" అన్నాను.

"చెయ్యొచ్చు. రోజూ మాత్ర మానకుండా వేసుకోవాలి, అంతే. పిల్ల ఎవరు?"

"నా కొడుకు కూతురు."

ఆయన రాయడం ఆపారు. "ఆ అమ్మాయికీ పరీక్ష చేయించండి. ఇద్దరికీ ఉంటే, పుట్టే బిడ్డకి రెండు వైపుల నుంచీ రావచ్చు. వస్తుందని కాదు, రావచ్చు. అలా వస్తే బడికెళ్లే వయసులోనే గుండెజబ్బు మొదలవుతుంది."

ఇంటికొచ్చి చెబితే కోడలు వంట ఆపి వచ్చింది. "పెళ్లికి ముందు పిల్లకి రక్తపరీక్షంటే దానికేదో లోపం ఉందనుకోరా అత్తయ్యా?"

చల్లపల్లి నుంచి వచ్చిన కూతురు ఇంకా గొంతు పెంచింది. "మనింట్లో అన్నీ మేనరికాలే కదా. నువ్వు చేసుకోలేదా? మాకేమైంది?"

"మీ నాన్న అంత తొందరగా ఎందుకు పోయాడే?"

"చుట్టలు కాల్చి."

"మీ నాన్న చుట్ట ముట్టగా నువ్వెప్పుడు చూశావు?"

ఒక్క పిల్లకే చేయిస్తే మాటొస్తుందంటే అందరం రక్తం ఇద్దామన్నాను. పొద్దున్నే పరగడుపున ల్యాబ్ నుంచి ఒకామె వచ్చింది. నేనూ, కొడుకూ, కూతురూ, కోడలూ, మనవరాలూ వరసగా కూర్చుని చేతులు చాపాం.

నాకు మామూలుగానే ఉంది. కోడలికీ అంతే. కొడుక్కీ, కూతురికీ ఎక్కువ. మనవరాలికీ ఎక్కువే. మనవడికీ దానికీ కారణం ఒకటేనా అని డాక్టరుగారు జీన్ పరీక్ష కూడా చేయించారు. ఒకటేనట.

పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. చిన్నప్పటి నుంచీ వాడు బావ, అది మరదలు. వేరే ఆలోచన ఇద్దరికీ లేదు.

"కడుపులో ఉండగానే తెలుసుకునే పరీక్షలున్నాయట కదా" అన్నాడు వాడు.

"తెలిశాక నన్నేం చెయ్యమంటావు బావా?" అంది మనవరాలు.

అది "నాకొద్దు" అని లేచి లోపలికెళ్లిపోయింది. ఏడ్చిందని కోడలు చెప్పింది. సంబంధం వదులుకుందామని నేనే అందరికీ చెప్పాను. కూతురు ఆ పూట అన్నం తినకుండా బస్సెక్కింది. చాలా రోజులు ఫోన్ చేయలేదు.

ఈమధ్య చేసింది. వాడికి మైలవరం నుంచి సంబంధం వచ్చిందట.

"బయటి పిల్ల కదమ్మా, ఇంక చెప్పక్కర్లేదుగా?"

"చెప్పాలి. బయటి పిల్లయినా పుట్టేవాళ్లకి మనవాడి నుంచి రావచ్చు. ఇది పెళ్లయ్యాక తెలియాల్సిన సంగతి కాదు. ఆ పిల్లకీ ఒకసారి పరీక్ష చేయించమని అడుగు."

"వెళ్లిపోతారమ్మా."

"వెళితే వెళతారు. మాత్ర వేసుకుంటూ బాగానే ఉన్నాడని కూడా చెప్పు."

ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులాగి, చెప్పానంది. ఆ పిల్ల తండ్రి అంతా విని డాక్టరుగారి ఫోన్ నంబరు అడిగాడట. ఇంకా అవునన్లేదు, కాదన్లేదు.