కొరియా వీధిలో బిర్రు జాకెట్టు

మా చిన్నమ్మ కుట్టిన జాకెట్టులో ఊపిరి వదలొచ్చు. మళ్లీ పీల్చుకోవడమే కష్టం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే మా ఉప్పళంలో ఇది ఆమె మీద ఫిర్యాదు కాదు, పొగడ్త. ఆమె దగ్గర పెళ్లి జాకెట్లు కుట్టించుకున్నవాళ్లు ఆ పెళ్లిలో అంత తక్కువ ఎందుకు తింటారో వంటవాళ్లకు ఎప్పటికీ అంతుపట్టలేదు.

ఆమె కొట్టు ఉన్న సందు మొన్నమొన్నటి దాకా ఉత్త సందే. పిండి మిల్లు, గాజుల కొట్టు, జెరాక్సు, చివర్న చిన్నమ్మ. అన్నీ ఒకే ఓనరువి. ఆయన సందు మొత్తాన్ని ఒక కొరియా ఆవిడకు లీజుకిచ్చాడు. ఆవిడ పిండి మిల్లు ఉన్నచోట టీ ఇల్లు పెట్టి, మిగతాదంతా తన దేశపు పాతకాలం బజారు వీధిలా మార్చేసింది. చెక్క తలుపులు, కాగితపు లాంతర్లు, కుంచెలు, మూతలున్న బుల్లి గిన్నెలు. గాజులాయన విసనకర్రలు అమ్మడం మొదలుపెట్టి, చూస్తూ చూస్తూ ఆ దేశస్థుడైపోయాడు. జెరాక్సాయన ఏ కాలపు వీధికీ సరిపోక ఖాళీ చేశాడు.

ఇక చిన్నమ్మ మిగిలింది. ఆవిడ ఈమెతో చెప్పింది సూటిగానే ఉంది. వచ్చినవాళ్లు కొరియా బట్టలు అద్దెకు తీసుకుని, వేసుకుని, ఫోటోలు దిగుతారు. ఆ బట్టలు కుట్టాలి. ముందు ఒక జత కుట్టి చూపించు. బాగుంటే పని నీదే, కొట్టూ నీదే. లేదంటే ఆ గది టీ డబ్బాలు పెట్టుకోవడానికి కావాలి. ఆదిగా చూసుకోమని తన సొంత జాకెట్టు, పావడా కూడా ఇచ్చి వెళ్లింది.

చిన్నమ్మ ఆ జాకెట్టును బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో జాలి కనిపించింది.

"యాడ కుట్టించుకుందో పాపం. చంకలో చూడే, పిల్లి దూరి పడుకోవచ్చు."

"వాళ్లట్లనే వేసుకుంటారేమో చిన్నమ్మా."

"వేసుకుంటారు. మంచి టైలరు దొరక్కపోతే ఎవురైనా వేసుకుంటారు."

ఆదిగా ఇచ్చినదాన్ని ఆది అనుకోకుండా, రిపేరుకొచ్చింది అనుకోవడం మా చిన్నమ్మకే చెల్లింది. ఆమె దాన్ని కొత్త గుడ్డలో బాగుచేసి కుట్టింది. చంకలు లాగింది, నడుము బిగిసేలా డాట్లు పెట్టింది, ముందు కట్టుకునే నాడాను అందానికి ఉంచి, వెనక హుక్కులు వేసింది. కొలత మాత్రం నాది. సేదరపేట్ ఫ్యాక్టరీలో వారమంతా కూర్చునే ఉద్యోగం నాది, ఆదివారమైనా నిలబడొచ్చని ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొట్లోనే నాకు హుక్కులు పెట్టింది. చివరి హుక్కుకు మోకాలు ఆనించి లాగింది.

"బిర్రుగా ఉంది చిన్నమ్మా."

"దాన్నే ఫిట్టింగ్ అంటారు. నడు."

నడిచాను. సందు మధ్యలో గాజులాయన నన్ను చూసి విసనకర్రతో దండం పెట్టాడు. తిరిగి పెడదామనుకున్నాను. చేతులు లేవలేదు. అప్పటికి అది చిన్న సంగతే అనిపించింది.

టీ ఇంట్లో కుర్చీలుండవు. చెప్పులు విడిచి, నేల మీద మోకాళ్లు మడిచి, పీట కంటే కాస్త ఎత్తున్న బల్ల ముందు కూర్చోవాలి. నేను కూర్చోలేదు, దిగబడ్డాను. చిన్నమ్మ పక్కన కూర్చుంది, మెడలో టేపు అట్లాగే ఉంది. కొరియా ఆవిడ ఎదురుగా మోకరిల్లి, తేనెలో ఊరిన నారింజ తొక్కల మీద వేడినీళ్లు పోసి కలిపింది. తన వయసువాళ్లు ఇచ్చింది చిన్నవాళ్లు రెండు చేతులా అందుకోవాలని తమిళంలోనే చెప్పింది. ఆవిడ తమిళంలో క్రియలు తక్కువ, మర్యాద ఎక్కువ.

కప్పు నా ముందుకొచ్చింది. నా చేతులు మోచేతుల దాకే నావి. ఆ పైన చిన్నమ్మవి.

చిన్నమ్మ నవ్వుముఖం చెదరనీయకుండా తెలుగులోకి దిగింది. మా ఇళ్లలో తెలుగు ఉన్నదే బయటివాళ్ల ముందు రహస్యాలు మాట్లాడుకోవడానికి.

"చెయ్యెత్తే."

"యాడెత్తేది? కుట్టేసినావు కదా."

"గమ్మున నవ్వు."

కప్పు నా దగ్గరికి రాదు కాబట్టి నేనే కప్పు దగ్గరికి వంగాను. ఆవిడ అది నా వినయం అనుకుని తనూ వంగింది. ఆవిడ వంగింది కదా అని నేను మళ్లీ వంగాను. ఇద్దరం కాసేపు అట్లా గౌరవించుకున్నాక ఆవిడ, "మెల్లగా తాగు. ఇక్కడ తొందర లేదు," అంది. ఆవిడ చెప్పింది ఆతిథ్యం. నా పక్కటెముకలకు వినిపించింది శిక్ష.

కుట్టు ఎక్కడైనా పటుక్కుమంటే బాగుండుననిపించింది. చిన్నమ్మ కుట్టు తెగదు. అదే ఆమె పేరు. టేపు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్లీ చుడుతూ ఆమె ఆవిడ ముఖాన్నే చూస్తోంది. అప్పుడు నాకు జోకు ఏదీ తట్టలేదు. అది అరుదు.

అంతలో కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చింది, ఫోటోల కోసం. నాకు రెండింతలుంటుంది, నవ్వు మూడింతలు. కొరియా ఆవిడ నా జాకెట్టు చూపించి, "ఇది ఈ పాప వేసుకుని చూడనీ అక్కా," అంది.

అందరం కొట్లోకి వెళ్లాం. తెర వెనక చిన్నమ్మ నా హుక్కులు విప్పింది. లోకం ఎంత విశాలమో తెలిసింది. నా కుర్తా వేసుకుని బయటికొచ్చేసరికి ఆ అమ్మాయి వంతు. జాకెట్టు ఆమె మోచేతి దాకా వెళ్లి ఆగిపోయింది. పాపం, ఆమె తనదే తప్పన్నట్టు, "నేను రేపట్నుంచి నడుస్తా," అంది.

చిన్నమ్మ చటుక్కున టేపు తీసింది. "కొలతిస్తే ఈ పాపకు వేరే కుడతాను," అంది తమిళంలో.

కొరియా ఆవిడ టేపు ఉన్న చేతిని మెత్తగా పట్టుకుంది.

"అక్కా, రోజూ వేరే పాప."

కోపమేమీ లేదు ఆ మాటలో. ఉండుంటే తేలికయ్యేది. తను లోపలి చొక్కా మీద వేసుకున్న జాకెట్టు నాడా లాగి, విప్పి, ఆ అమ్మాయికి డ్రెస్సు మీదే తొడిగింది. సరిపోయింది. తర్వాత నాకు తొడిగింది. నాకూ సరిపోయింది. పిల్లి దూరేంత చోటు ఎవరి కోసమో అప్పుడు అందరికీ తెలిసింది.

చిన్నమ్మ నా వైపు తిరిగి తెలుగులో అంది: "ఒకరికి కుట్టింది ఇంకొకరికి పట్టిందంటే అది కుట్టు కాదు పాపా. గోనెసంచి."

"అక్క ఏమంటోంది?" అని ఆవిడ నన్నడిగింది.

తలుపు పక్కన టీ డబ్బాల అట్టపెట్టెలు అప్పటికే వచ్చి ఉన్నాయి. చిన్నమ్మ మిషను కంటే ఎత్తుగా పేర్చి ఉన్నాయి.

"ఇట్లాంటిదే ఇంకొకటి కుట్టి ఇస్తానంటోంది," అన్నాను.

చిన్నమ్మకు తమిళం నాకంటే బాగా వచ్చు. నన్నొక చూపు చూసింది. కాదనలేదు. కాదంటే ఆ మిషను యాడ పెట్టేది? ఇంట్లో మంచానికే చోటు లేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. టేపు మెడలోంచి తీసి మేకుకు తగిలించింది.

"కొలవవా?"

"దీనికి కొలతేందే," అంది. కత్తెర గుడ్డలో పరిగెత్తినట్టు వెళ్లింది. అంత సులువుగా ఆమె కత్తిరించడం నేనెప్పుడూ చూడలేదు, అంత విసుగ్గా కూడా.

కొట్టు నిలిచింది. ఇప్పుడు దాని మీద కూడా లాంతరు ఉంది. సందు చూడడానికి వచ్చేవాళ్లు ఆమెను కూడా ఫోటో తీసుకుంటున్నారు. ఆమె మిషను పాతకాలం వస్తువట. బక్కవాళ్లు, బొద్దువాళ్లు, ఒకే జాకెట్టులో మార్చి మార్చి దిగుతారు. అందరూ సంతోషంగా వెళ్తారు. ఫిర్యాదులు లేవు.

మొన్న నేను అక్కడున్నప్పుడు ఒక కొత్త పెళ్లికూతురు అద్దంలో చూసుకుని, భుజం దగ్గర గుడ్డ పట్టి, "కొంచెం లూజుగా ఉందేమో కదక్కా?" అంది.

చిన్నమ్మ చెయ్యి దానంతటదే పైటకు గుచ్చిన పిన్నీసు మీదికి పోయింది. తీసింది. ఆ పిల్ల భుజాన్ని రెండు వేళ్లతో పట్టి, పైకి లాగి, ఎక్కడ ఎంత పట్టాలో చూసేసింది. ఒక్క క్షణం ఆ జాకెట్టు ఆ పిల్లది అయింది.

ఎదురుగా టీ ఇంట్లో కొరియా ఆవిడ ఎవరికో కప్పు అందిస్తూ మా వైపు చూసి నవ్వింది.

చిన్నమ్మ గుడ్డ వదిలేసింది.

"దాని మోడలే అదమ్మా," అని, పిన్నీసు మళ్లీ తన పైటకే గుచ్చుకుంది.