నర్సుల ముందు నీలం దీపం

చదువు పేరుతో ఐర్లండ్‌లోని గాల్వే చేరిన ఆ రోజుల్లో, ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాడికి ఫ్యూజు దగ్గర్నుంచి ఉపగ్రహం దాకా అన్నీ తెలుసని మనవాళ్లకు గట్టి నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేదని చెప్పడానికి ఇప్పుడు కాస్త సిగ్గుగా ఉంది. అద్దెకు ఎక్కడా గది దొరక్క, ఒక తెలుగు నర్సు ఆంటీ ఇంట్లో చిన్న గదిలో తలదాచుకున్నాను. "క్రిస్మస్ దాకా ఉండు అబ్బాయ్, తర్వాత చూద్దాం" అన్నారావిడ. ఆ "చూద్దాం" తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అందుకే, తెలుగు కుటుంబాల క్రిస్మస్ నాటకానికి లైట్లు ఎవరు చూస్తారని ఆవిడ అడగ్గానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. నాటకం వేయించేది ఆవిడే మరి. ఆవిణ్ణి మెప్పిస్తే గది నాదే.

హాల్లో రెండు రకాల దీపాలున్నాయి: స్టేజంతా పరుచుకునేవి, ఒకేచోట గురిపెట్టేవి. వాటి ముందు తగిలించే రంగు జెల్స్ (పేరుకే జెల్, చేతికి పల్చటి ప్లాస్టిక్ కాగితమే) ఒక పెట్టెనిండా ఉన్నాయి. "అంతా రాత్రి సీనే. చీకటిగా ఉండాలి, కానీ అందరి మొహాలూ కనపడాలి" అన్నారు ఆంటీ. లేత పసుపు జెల్ నాకు మరీ చప్పగా తోచింది. అన్నిటికన్నా ముదురు నీలం వెతికి తీసి, పశువుల తొట్టి పక్కన స్టాండు మీదున్న దీపానికి తగిలించాను. రిహార్సల్లో తొట్టిలో బాలయేసుగా పెట్టిన తెల్లటి ప్లాస్టిక్ బొమ్మ వెన్నెల్లో తడిసినట్టు మెరిసింది. "భలే ఉందిరా!" అన్నారావిడ. నేను మనసులో ఆ గదికి కొత్త కర్టెన్లు కూడా కట్టేశాను.

నాటకం రోజున బొమ్మకు బదులు ఒక నర్సుగారి పసిబాబును తొట్టిలో పడుకోబెట్టారు. వాడు కడుపునిండా పాలు తాగి, ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నాడు. తెర లేచింది, నా నీలం వెలిగింది. హాల్లో సగం మంది నర్సులే (కొందరు డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చేశారు). ముందు వరసలోంచి ఒకావిడ "అయ్యో, బాబు పెదాలు నీలంగా ఉన్నాయే!" అంటూ లేచింది. అంతే, ఎమర్జెన్సీ వార్డంతా స్టేజీ ఎక్కేసింది. ఒకరు నాడి పట్టుకున్నారు, ఇంకొకరు పాదం గిల్లారు, జ్ఞానులు ముగ్గురూ కానుకలతో సహా గోడకు అతుక్కుపోయారు. బాబు కెవ్వుమన్నాడు. ఏడుస్తున్నా నీలంగానే ఉన్నాడు! యోసేపు వేషంలో ఉన్న ఆంటీ కొడుకు మాత్రం ఊడిపోతున్న గడ్డం పట్టుకుని "హీ ఈజ్ గ్రాండ్, మామ్! ఇట్స్ ఓన్లీ ద లైట్!" అని అరిచాడు (అక్కడి యాసలో గ్రాండ్ అంటే బాగానే ఉన్నాడని). ఆంటీ గిరుక్కున నావైపు తిరిగి, "ఒరేయ్, ఆ నీలం పీకెయ్యరా ముందు!" అన్నారు. దీపం ఆర్పితే సరిపోతుందని కూడా తోచక, కాలిపోతున్న ఫ్రేములోంచి జెల్‌ని వట్టి చేత్తో లాగేశాను. తెల్లటి వెలుగులో బాబు చక్కటి చామనఛాయతో, నిండు ఆరోగ్యంగా ఏడుస్తూ కనిపించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది, నాకు కాదనుకోండి.

ఇంటికి రాగానే సూట్‌కేసు తీశాను. ఆంటీ గుమ్మంలో నిలబడి "ఎక్కడికిరా?" అన్నారు.

"క్రిస్మస్ దాకానే కదాంటీ ఉండమన్నారు. నాటకం కూడా పాడుచేశాను."

"వేళ్లు కాల్చుకుని ఎక్కడికి పోతావ్? ఇటు రా" అంటూ నా చేతిని కుళాయి కింద పెట్టారు. "ఈస్టర్ నాటకానికి ఆ పసుపుది వెయ్యి. గది ఎక్కడికీ పోదులే."

నా కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. "బాగా మండుతోంది ఆంటీ" అన్నాను. ఆవిడ కుళాయి ఇంకాస్త తిప్పారు. ఒక నర్సు ముందు కన్నీళ్లకు మంటను సాకుగా చెప్పి గట్టెక్కాననుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.