లక్ష్మివారం చేప, శనివారం పులుసు

నా చిన్నప్పుడు జరిగిన ఏ సంగతైనా నేను కాస్త గాలి కొట్టి చెబుతాను. టైరులో గాలి లేని సైకిలు, గాలి కొట్టని కథ రెండూ ఇంటి గుమ్మం దాటవు. అందుకని ఇందులో కొలతలేవీ నమ్మకండి. కోపాలు మాత్రం నమ్మండి. వాటిలో ఒకటి నాది, అది ఇప్పటికీ చల్లారలేదు.

తొంభైల మొదట్లో మేము గాజువాకలో ఉండేవాళ్ళం. నాకు పదకొండేళ్ళు. మా తాతయ్య పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, చలి మొదలైతే దగ్గు వదలని మనిషి. ఆయన చెల్లెల్ని మేమంతా వన్‌టౌన్ మామ్మ అనేవాళ్ళం. ఆవిడ పాత ఊళ్ళో బురుజుపేట సందులో ఒక్కతే ఉండేది. వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. మా చిన్నాన్న పెళ్ళైన మూడోనాడు మామ్మ వండిన చేపల పులుసుని తాతయ్య గరిటెతో పైకెత్తి, పంక్తిలో అందరూ వినేలా, సముద్రం ఇంతకంటే చిక్కగా ఉంటుందన్నాడు. మామ్మ విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయింది. అంతే, మళ్ళీ మా గుమ్మం ఆవిడ తొక్కలేదు, ఆవిడ గుమ్మం ఆయన తొక్కలేదు.

ఆ చలికాలం పరీక్షలైపోయి సెలవులిచ్చారు. మా నాన్న పాత సైకిలు కొత్తగా నాకొచ్చింది. దాని మీద విశాఖపట్నం అంతా తిరిగెయ్యాలని నా ఆశ, వీధి చివర దాటనిచ్చేది కాదు మా అమ్మ. అలాంటిది ఒక గురువారం పొద్దున్నే తాతయ్యే అమ్మని ఒప్పించి, తడి గోనెసంచిలో చుట్టిన వంజరం చేపని నా సైకిలు వెనక సీటుకి కట్టాడు. "వన్‌టౌన్ ఎల్లి మామ్మకిచ్చీసి రా. నాను పంపేనని సెప్పు," అన్నాడు. ఆ చేప నాకంటే రెండంగుళాలు పొడుగు.

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. చేపల రేవులో కేకేస్తే పలికేంత దగ్గర్లో ఉండే మనిషికి గాజువాక నుంచి చేప పంపడమేమిటి? కానీ ఊరు చూడబోతున్న సంబరంలో నా బుర్ర పని చెయ్యలేదు.

మంచు ఇంకా విడలేదు. ఎదురుగా వచ్చే లారీ మీదకొచ్చేదాకా కనిపించేది కాదు. మల్కాపురం దాటేసరికి నా వెనక నలభై కాకులు, సింధియా దగ్గరికొచ్చేసరికి వాటికి తోడు పదకొండు పిల్లులు. ఇళ్ళ కప్పుల మీంచి ఓడల క్రేన్లు మెడలు సాచి నా చేపనే చూస్తున్నట్టున్నాయి. పోర్టు రైలు గేటు పడితే నాలుగొందల పెట్టెల గూడ్సు బండి పోయేదాకా నిలబడ్డాను. అది పోయేసరికి బొగ్గుదుమ్ముకి నా తెల్లచొక్కా బూడిదరంగు తిరిగింది, నాకు మీసాలొస్తాయేమో అన్నంతసేపు పట్టింది. అవతల డాల్ఫిన్ కొండ మంచులోంచి మెల్లగా బయటపడుతుంటే, ఈ ఊరంతా నాదే అనిపించింది. ఆ ఆనందం సరిగ్గా బురుజుపేట మలుపు దాకా నిలిచింది.

వీధి నిండా ఆడవాళ్ళు. పసుపు, పాలు, అరటిపళ్ళు పట్టుకుని కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వరస కట్టి ఉన్నారు. మార్గశిర మాసం, అందులో గురువారం. మా వైపు గురువారాన్ని లక్ష్మివారమే అంటాం. ఆ రోజు ఆ వీధుల్లో నీచు ముట్టే ఇల్లు దాదాపు ఉండదు. అంతమంది భక్తుల మధ్యకి నేను నీళ్ళోడుతున్న వంజరంతో దిగాను. ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటిరా బాబూ, లక్ష్మివారం పూట అమ్మోరి ఈదిలోకి నీసట్టుకొచ్చీసినావు? మీ ఇంట్లో పెద్దోలు లేరేటి?" అంది. ఉన్నారు. పెద్దోళ్ళుండబట్టే వచ్చింది తంటా.

మామ్మ తలంటు పోసుకుని, తడిజుట్టుతో, ఉపవాసంతో గుమ్మంలో నిలబడి ఉంది. గోనెసంచి వైపు చూసింది, నా వైపు చూసింది. "లక్ష్మివారం నాకు ఉపాసమని మీ తాతకి తెల్దేటి?" అంది. ఆ గొంతు విన్నాకగాని నాకు వెలగలేదు. తెలుసు కాబట్టే పంపాడు. నేను మోసుకొచ్చింది చేపని కాదు, ఒక తిట్టుని. పన్నెండు మైళ్ళు, అంతమందిలో పరువు పోగొట్టుకుంటూ, ఎవరిదో తిట్టుని నేను తొక్కుకుంటూ వచ్చాను. కోపంతో నా చెవులు కాలిపోయాయి.

మామ్మ చేపని వెనక్కి పంపలేదు. గోడ పక్కన సాయిబుగారింట్లో ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టించి, నాకు అటుకులు పెట్టి, "శనివారం పొద్దున్నే రా," అంది. ఆ పిలుపులో ఆప్యాయత లేదు.

శనివారం వెళ్ళాను. అడుగు గిన్నె నిండా పులుసు పోసిన టిఫిను క్యారియరు సైకిలు హ్యాండిలుకి తగిలించింది. తొణికితే తోలు తీస్తానంది. ఆ పులుసు తొణక్కుండా రావడానికి నేను పడ్డ పాట్లు ఓడ నడిపే కెప్టెనుకి కూడా ఉండవు. ఇంటికొచ్చి పెడితే తాతయ్య మూత తీశాడు. వాసనకి ఆయన ముక్కుపుటాలు ఒక్కసారి విచ్చుకున్నాయి, వెంటనే మొహం ఎర్రబడింది. శనివారం ఆయన వెంకన్నకి ఒక్కపొద్దు ఉంటాడు, నీచు వాసన కూడా తగలనివ్వడు.

"కావాలనే పంపింది. ఇప్పుడే అట్టుకెల్లి దాని గుమ్మంలో పెట్టీసి రా," అన్నాడు.

అప్పుడు నాకొచ్చిన కోపం మా వంశంలో ఎవరికీ వచ్చి ఉండదు. తొడలు పచ్చిపుళ్ళయ్యాయి. ఆరేళ్ళ నుంచి మాటల్లేవు, కాని ఎవరు ఏ రోజు పస్తుంటారో ఇద్దరికీ కంఠతా వచ్చు. మా నాన్నకి మా అమ్మ ఉపవాసాలే గుర్తుండవు. ఇంత గుర్తున్నవాళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు, మధ్యలో తొక్కేది నేను. అలా ఏడుపూ కోపమూ కలిసిపోయి, "సలికాలం కదా, తాతకి ఆ దగ్గు తగ్గిందా అని మామ్మ అడిగింది," అన్నాను.

 తాతయ్య క్యారియరు మూసి ఉట్టి మీద పెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఆ పులుసుతో నలుగురి అన్నం ఒక్కడే తిన్నాడు. జన్మలో గ్లాసు కడగని మనిషి క్యారియరు తనే తోమాడు. నన్ను ముందు బారు మీద కూర్చోబెట్టుకుని వన్‌టౌన్ తొక్కాడు.

గుమ్మంలో నిలబడి ఆయన అన్న మొదటి మాట, "దగ్గు తగ్గిందిలేవే."

మామ్మ ఆయన భుజం మీంచి నన్ను చూసింది. ఒక్క క్షణం. "తగ్గితే మంచిదే, మిరియాల కషాయం మానకు," అంది. పులుసు ఇంకా పల్చగానే ఉందన్నాడాయన. రెండ్రోజులు ఐసులో ఉంటే సేప నీరొగ్గీసి పులుసు పల్చబడదా అందావిడ. సాయంత్రం దాకా ఇద్దరూ కరువు తీరా తిట్టుకున్నారు. నా తొడల గురించి ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు లెక్క అప్పజెబుతాను. చేప మూరెడు. కాకులు ఐదు. పిల్లి ఒక్కటే, అదీ మధ్యలోనే మానేసింది. గూడ్సు పెట్టెలు నేను లెక్కపెట్టలేదు. ఇవన్నీ ఉన్నవాటికే గాలి కొట్టాను. లేనిదాన్ని పుట్టించింది ఒక్కటే: మామ్మ ఆ రోజు దగ్గు గురించి అడగలేదు. క్యారియరు తొణక్కుండా పొమ్మంది, అంతే. మళ్ళీ సైకిలు తొక్కలేక నేనన్న మాట అది.

ఆ సంగతి మామ్మకి ఆ గుమ్మంలోనే తెలిసిపోయింది. తాతయ్య పోయేదాకా ఆయనకి చెప్పలేదు, తను పోయేదాకా నన్ను అడగలేదు. ఆ చేప నేను చెప్పిన ప్రతిసారీ ఒక అంగుళం పెరుగుతుంది. ఆ దగ్గు మాట మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం పెంచలేదు.