ఎవరూ రారని రాసిన స్థలం

ఇది ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచీ రోజూ రాస్తున్న డైరీలో కూడా ఆ రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని మాత్రమే రాసుకున్నాను. గాఫ్ చెట్ల స్థలం గురించి కాగితంలో అబద్ధం రాసింది నేనే.

ఒమాన్‌లో సువైక్ పట్నం దాటాక సముద్రం పక్కన చిన్న ఊరు మాది. నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. చదువయ్యాక నేనొక సర్వే ఆఫీసులో చేరాను. ఇళ్లూ గోడౌన్లూ వచ్చేసి ఖాళీ నేల మిగలడం లేదని ఊరివాళ్లు కమిటీ వేశారు. ఒక స్థలం కొని, ఏమీ కట్టకుండా చెట్లకీ పక్షులకీ వదిలేద్దామనుకున్నారు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి తీరాన ఉప్పునేల. రెండోది మా ఇళ్ల వెనక గాఫ్ చెట్లున్న స్థలం. గాఫ్ అంటే మన జమ్మిచెట్టే. అది కొనకపోతే విల్లాలు లేస్తాయని అందరికీ తెలుసు. రెండూ చూసి మార్కుల కాగితం నింపే పని మా ఆఫీసుకి వచ్చింది.

ఆ చెట్ల కింద శుక్రవారం సాయంత్రాలు, ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఏడెనిమిది మంది కూర్చునేవారు. నేను కాస్త దూరంగా పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. వాళ్లలో కడప అక్క ఒకామె నన్ను వదిలేది కాదు.

"ఏం పాపా, ఆ పుస్తకంలో మొగుడు దొరికినాడా లేదా?"

అందరూ నవ్వేవారు. నేను తల వంచుకుంటే, ఒళ్లో గుప్పెడు వేయించిన శనక్కాయలు పోసేది.

ఆమెకి వారానికి రెండు గంటలే సెలవు, అదీ ఒక షరతు మీద. "మేడం మిద్దెమీంద నుంచి చూస్తే నేను కనపడాల. కనపడినంత దూరమే నాకు సెలవు" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆ మిద్దె మీంచి కనపడే ఖాళీ చోటు అదొక్కటే.

కాగితంలో ఒక ప్రశ్న ఉంది, ఇక్కడికి వచ్చిపోయేవాళ్లు ఎవరు అని. మా సార్‌ది హైదరాబాద్. బండిలో వస్తూ, "మనుషులు తిరిగే జాగకు మార్కులు తగ్గుతయి. పక్షులు ఉండాలె, మనుషులు ఉండొద్దు" అన్నారు. ఉప్పునేలకి "జాలర్లు, రోజూ" అని రాశాను. గాఫ్ చెట్లకి "ఎవరూ రారు" అని రాశాను. కింద శనక్కాయ తొక్కలు కనిపిస్తే, సార్ చూడకుండా చెప్పుతో ఇసుక కప్పాను. వాళ్ల చోటు కాపాడుతున్నాననే అనుకున్నాను.

కమిటీలో ఒక పెద్దాయన, నిజంగా ఎవరూ రారా అని అడిగారు. సార్ నావైపు చూశారు. రారన్నట్టు తల ఊపాను.

గాఫ్ చెట్లే గెలిచాయి. ఆఫీసులో స్వీట్లు పంచారు. నెల తిరక్కుండా చుట్టూ మనిషంత ఎత్తున కంచె వేశారు, ఉన్న ఒక్క తలుపుకీ తాళం. రెండు రోజులు ధైర్యం కూడదీసుకుని సార్ బల్ల దగ్గరికి వెళ్లాను.

"సార్, మనుషులు వెళ్లడానికి ఒక గేటు పెట్టమని చెప్పొచ్చా?"

"ఎవరికోసం? ఎవరూ రారని నువ్వే రాసినవ్ గదా."

అప్పుడైనా చెప్పొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అబద్ధాలు రాసే పిల్ల అనుకుంటారన్న సిగ్గు అంతకంటే ఎక్కువ. "ఊరికే అడిగాను సార్" అని వచ్చేశాను. మా ఇంట్లో నా సిగ్గుని మంచితనం కింద చెప్పుకుంటారు.

ఆ శుక్రవారం ఇద్దరు ఆడవాళ్లు కంచె బయట ఎండలో కాసేపు నిలబడి వెళ్లిపోయారు. పై వారం నుంచి నేను రాసిందే నిజమైంది.

రెండు నెలల తర్వాత కడప అక్క కూరగాయల కొట్లో కనబడింది. మేడం కాస్త అవతల బిల్లు దగ్గర ఉంది. పక్కకి వెళ్లి, బాగున్నావా అక్కా అన్నాను. ఆమె తల ఎత్తలేదు, టమాటాలు ఏరుతూనే మాట్లాడింది.

"సెలవు తీసేసినారు పాపా. కంటికి కనపడకుండా యాడికి పోతావు, ఇంట్లోనే ఉండు అన్నారు."

"అక్కా, ఆ కంచె..." అన్నాను. నేనూ ఒక టమాటా చేతిలోకి తీసుకున్నాను. అటునుంచి మేడం పిలిచింది. అక్క బుట్ట చేతికి తగిలించుకుంది.

"నేను ఎవురితో మాట్లాడినా అనుమానమే ఆ యమ్మకు. ఇంగ యాడన్నా కనపడినా పలకరించాకు పాపా."